మిగిలిపోయిన రెండు గంటలు

"వదినా, మీరు సాక్షి. సాక్షి అంటే అడిగినదానికి జవాబు చెప్పే మనిషి. ప్రశ్నలు వేసే మనిషి కాదు."

మా మరిది ఈ ముక్క అనడం అది మూడోసారి. ఇన్‌స్పెక్టరయ్యాక అతనికి నా మీద మర్యాద ఎక్కువైంది. మాటకి ముందొకసారి, వెనకొకసారి వదినా అంటాడు. మధ్యలో నేను చెప్పింది మాత్రం వినడు. పదేళ్ల కిందట ఇదే శాఖలో నా కింద చేరినప్పుడు ఇతనికి రిపోర్టు రాయడం నేర్పింది నేను. ఉద్యోగం వదిలేసి నేను డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నప్పుడు "మా వదిన కొట్టు తెరిచింది" అని స్టేషనంతా తిరిగి నవ్వించింది ఇతను.

ఇప్పుడు మేమిద్దరం ఒక విమానం తోక భాగంలో, వంటగది అని వాళ్లు పిలుచుకునే ఇనప అలమరాల మధ్య, మోకాళ్లు తగిలేంత ఇరుకులో నిలబడి ఉన్నాం. మా నెత్తిమీద, పైకప్పుకి అవతల, ఒక శవం ఉంది.

పోయిన మనిషి ఈ విమానంలో పనిచేసే ఎనిమిది మంది సిబ్బందికీ పెద్ద. అందరూ ఆమెని అక్క అనే పిలిచేవారు. సిబ్బంది నిద్రపోవడానికి పైన ఉన్న గదిలో, తన పడకలోనే, తన తలగడతోనే ఎవరో ఆమె ఊపిరి ఆపేశారు. ప్రయాణికుల్లో ఉన్న ఒక డాక్టర్ వచ్చి చూసి, ప్రాణం పోయి మూడు గంటలు దాటింది, ఏడెనిమిదైనా అయ్యుండొచ్చు, చేతులతో చూసి ఇంతకంటే చెప్పలేను అన్నాడు. ఆ తర్వాత రెండు గంటలకి విమానం దిగింది.

దిగి కూడా గంట దాటింది. మమ్మల్ని విమానాశ్రయానికి దూరంగా, మైదానం చివర, గడ్డి తప్ప ఏమీ లేని చోట ఆపారు. మా మరిది ఎక్కి, ప్రయాణికులందరి బ్యాగులూ వెతికించి బస్సుల్లో పంపేశాడు. సిబ్బంది దగ్గర, మిగతా పైలట్ల దగ్గర వాంగ్మూలాలు తీసుకుని వాళ్లనీ పంపేశాడు. మిగిలింది ఐదుగురం. నేను, అతను, హత్య చేసిందని అతను తేల్చేసిన అమ్మాయి, ముఖ్య సాక్షి అయిన చెకింగ్ ఆఫీసర్, ముందు గదిలో కెప్టెన్. చివరి వరసలో కూర్చుని వచ్చాను కనక నన్ను ఉంచాడు. ఇంజిన్లు ఆగినా ఏసీ నడవాలంటే ఎవరో ఒకరు కాక్‌పిట్‌లో ఉండాలట, అందుకని కెప్టెన్‌ని ఉంచాడు.

సాక్ష్యాలు చెడిపోతాయని తలుపు మూయించాడు. నిచ్చెన బండిని వెనక్కి లాగించాడు. చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టడానికి వచ్చినవాళ్లని కూడా కేకలేసి తరిమేశాడు. శవాన్ని పరీక్షించే డాక్టర్ బండి వచ్చేదాకా పురుగు కూడా ఎక్కకూడదు, దిగకూడదు అని హుకుం.

"అరగంటలో బండి వస్తుంది," అన్నాడు. "అది రాగానే ఈ అమ్మాయి నాతో వస్తుంది. మీరు ఇంటికెళ్లి అన్నయ్యకి వంట చేసిపెట్టండి."

"మీ అన్నయ్యకి వంట నాకంటే బాగా వచ్చు. నీకు అరగంట టైముంది కదా, అందులో పది నిమిషాలు నాకియ్యి."

"ఎందుకు?"

"ఆ పిల్ల చంపలేదు కనక."

అతను మొహం గంటు పెట్టుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. అది అతని ఫోన్ కాదు. ఆ అమ్మాయి దగ్గర లాక్కున్నది. తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. తెర మీద 'అమ్మ' అని ఉంది.

అమ్మాయి మడత సీటు మీద కూర్చుని ఆ జేబునే చూస్తోంది. సిబ్బందిలో అందరికంటే చిన్నది, అందరూ అలాగే పిలిచి పిలిచి పేరు కూడా చిన్నదే అయిపోయింది. ప్రయాణంలో నాకు మూడుసార్లు వేణ్ణీళ్లు తెచ్చి ఇచ్చింది. మూడోసారి నేను అడక్కుండానే తెచ్చింది. అది నిర్దోషి అనడానికి ఇది సాక్ష్యం కాదని నాకు తెలుసు. కానీ ఆ పిల్ల మీద నాకు పక్షపాతం ఉంది, ఆ సంగతి దాచుకోను.

"నీ కేసేమిటో ఒకసారి చెప్పు," అన్నాను మరిదితో.

"చాలా తేలిక. వీళ్లు రెండు బ్యాచ్‌లుగా పడుకుంటారు. అక్క మొదటి బ్యాచ్. బ్యాచ్ మారేటప్పుడు అందరి వెనకా ఆవిడ కిందికి దిగి, మంచినీళ్లు తాగి, తలనొప్పిగా ఉందని మళ్లీ పైకెళ్లింది. చెకింగ్ ఆఫీసర్ కళ్లారా చూశారు. అంటే అప్పటికి బతికే ఉంది. ఆ తర్వాత పైన పడుకున్నది రెండో బ్యాచ్. అందులో ఆవిడ పక్క పడక ఎవరిది? ఈ అమ్మాయిది. ఎగరగానే ఆవిడతో తిట్లు తిని అందరి ముందూ ఏడ్చింది ఎవరు? ఈ అమ్మాయే."

"తిట్లు తిన్నవాళ్లంతా హంతకులైతే నా కింద పనిచేసిన రోజుల్లో నువ్వు నన్ను ఎన్నిసార్లు చంపుండాలి?"

చిన్నదానికి ఏడుపులోనూ నవ్వొచ్చింది. మా మరిదికి రాలేదు.

"పది నిమిషాలు," అన్నాడు. "నేను పక్కనే ఉంటాను."

నేను చిన్నదాని ముందు చతికిలబడ్డాను. "బ్యాచ్‌ల సంగతి నాకు విడమరిచి చెప్పమ్మా. ఎవరు ఎప్పుడు పడుకోవాలో ఎవరు చెప్తారు?"

"అక్కే చెప్తుంది మేడమ్. మొదటి భోజనాలకి రెండు గంటలు, చివరి భోజనాలకి రెండు గంటలు తీసేస్తాం. మధ్యలో మిగిలిన టైమ్‌ని సగం చేస్తాం. నలుగురు పడుకుంటే నలుగురు పనిలో ఉంటాం."

"ఈసారి సగం ఎంత వచ్చింది?"

"ఐదు గంటలు. అక్క ఇక్కడే నిలబడి చెప్పింది. ఎగిరిన ఏడో గంటకి బ్యాచ్ మారాం. నేను పైకెళ్లేసరికి అక్క పడకకి తెర వేసి ఉంది. తెరకి క్లిప్పు పెట్టి ఉంది."

"క్లిప్పేమిటి?"

"జుట్టుకి పెట్టుకునేదే. తెరకి క్లిప్పు ఉంటే నన్ను లేపొద్దని అర్థం. మాలో మేం పెట్టుకున్న అలవాటు. అక్క ఎప్పుడూ పెట్టదు. ఈసారి పెట్టిందంటే ఒంట్లో బాలేదేమో అనుకున్నాం. మొదటి బ్యాచ్ వాళ్లు కూడా అందుకే లేపకుండా దిగిపోయారు. ఐదు గంటలు ఆ పక్కనే పడుకున్నాను మేడమ్. మధ్యలో మెలకువ వచ్చి, అక్క కదలట్లేదు, హాయిగా నిద్రపోతోంది అనుకున్నాను."

మా మరిది కిటికీలోంచి బయటికి చూశాడు. అతను చెడ్డవాడు కాదు. తొందర మనిషి, అంతే.

"పద, పైకెళ్లి చూద్దాం," అన్నాను.

వంటగది పక్కన బీరువా తలుపులా కనిపించే సన్నటి తలుపు ఉంది. దానికి నంబర్లు నొక్కే తాళం. లోపల నిటారుగా ఐదారు మెట్లు. పైన గది అనడానికి లేదు, అటో నాలుగు ఇటో నాలుగు పడకలు, మధ్యలో ఒక మనిషి పాక్కుంటూ పోయేంత దారి. కిటికీ లేదు. తల ఎత్తితే పైకప్పు తగులుతుంది. నా మోకాళ్లు రెండూ ఒకేసారి చప్పుడు చేశాయి. వెనక మా మరిది తల దేనికో ఠంగుమని తగిలింది.

అక్క మీద దుప్పటి కప్పి ఉంది. నేను ఆమెని ముట్టుకోలేదు. తెరని చూశాను. చిన్నది శవాన్ని చూసినప్పుడు తెరని కాళ్లవైపు నుంచి లాగిందట, క్లిప్పు తలవైపు అంచుకే ఉండిపోయింది. నల్లటి ప్లాస్టిక్ క్లిప్పు. నొక్కే రెండు రెక్కలూ దారివైపు ఉన్నాయి, పళ్లు లోపలివైపు ఉన్నాయి.

"చిన్నదానా, ఖాళీ పడక ఎక్కి, తెర వేసుకుని, నీ క్లిప్పు పెట్టి చూపించు."

అది జుట్టులోంచి క్లిప్పు తీసి, ఎదురు పడకలోకి దూరి, తెర లాక్కుంది. లోపలి నుంచి క్లిప్పు పళ్లు బయటికి వచ్చి తెర అంచునీ గోడ పట్టీనీ కలిపి పట్టుకున్నాయి. రెక్కలు లోపలే ఉండిపోయాయి.

"చూశావా?" అన్నాను మరిదితో. "లోపల పడుకున్న మనిషి పెట్టుకుంటే పళ్లు మనకి కనిపిస్తాయి. అక్క తెరకి రెక్కలు మనవైపు ఉన్నాయి. దారిలో నిలబడ్డ మనిషి పెట్టిన క్లిప్పు అది. మొదటి బ్యాచ్ దిగేటప్పటికే అక్కడ ఉంది."

"సరే, అక్కే ఎవరినైనా పెట్టమని అడిగిందేమో."

"చెయ్యి చాపితే తెర అందుతుండగా ఇంకొకళ్లని లేపి మరీ అడిగిందా?"

"అయ్యుండొచ్చు కదా. క్లిప్పు ముక్క పట్టుకుని కోర్టుకెళ్తే జడ్జిగారు నా చెవిలో పువ్వు పెడుతున్నావా అని పంపించేస్తారు వదినా. నా దగ్గర కళ్లతో చూసిన సాక్షి ఉన్నాడు."

వెనక్కి పాకుతుంటే దారి చివర గోడలో ఎర్రటి పెట్టె కనిపించింది. పొగ వస్తే మొహానికి తగిలించుకునే ముసుగులు అందులో ఉంటాయట. మూతకి ఉండాల్సిన ప్లాస్టిక్ సీలు తెగి వేలాడుతోంది.

"అక్క నన్ను తిట్టింది దీని గురించే," అంది చిన్నది. "ఎగరకముందు సీలు చూడాల్సింది నేను. చూడకుండానే చూశానని చెప్పాను. తర్వాత అక్క వచ్చి చూస్తే తెగి ఉంది. నన్ను కడిగేసింది. పెట్టె తెరిచి చూశాక మాత్రం తిట్టడం ఆపేసింది. దిగాక దీని సంగతి నేను తేలుస్తాను, నువ్వు ఎవరితోనూ అనకు అంది."

పెట్టె తెరిచాను. నాలుగు ముసుగులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. మిగతా జాగా ఖాళీ. అడుగున గోధుమరంగు టేపు, అప్పుడే పీకినట్టు జిగురు ఆరకుండా వేలికి అంటుకుంది. ఎవరో ఇందులో ఏదో దాచారు, అక్క చూసింది. చూసిందని తెలిసిన మనిషి అక్కనీ ఆపేశాడు, సరుకునీ తీసేశాడు.

"ప్రయాణికుల బ్యాగుల్లో ఏమైనా దొరికిందా?" అని అడిగాను.

"ఏమీ లేదు. సిబ్బందివి కూడా వెతికించాను. సూది కూడా వదల్లేదు."

"సరుకు ఇంకా విమానంలోనే ఉందన్నమాట. సరే, నీ కళ్లున్న సాక్షిని పిలు."

చెకింగ్ ఆఫీసర్ పిలిస్తే వచ్చే రకం కాదు. మేమే వెళ్లాం. ముందు తరగతిలో వెడల్పాటి సీట్లో, ఇస్త్రీ నలగని చొక్కాతో కూర్చుని ఉన్నాడు. సిబ్బంది పని ఎలా చేస్తున్నారో చూడటానికి ప్రయాణికుడిలా కూర్చుని రావడం ఆయన ఉద్యోగం. ఆయన ఎక్కితే అందరి మొహాలూ నల్లబడతాయి కనక సిబ్బంది ఆయనకి గ్రహణం అని పేరు పెట్టుకున్నారు. మెడ చుట్టూ పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి, బయటి రొద వినపడకుండా చేసే రకం.

"ఇంకా ఎంతసేపు ఇన్‌స్పెక్టర్‌గారూ?" అన్నాడు, నన్ను గాలిని చూసినట్టు చూసి.

"ఒక్క ఐదు నిమిషాలు సార్. ఈవిడ మా వదినగారు. ఒకప్పుడు..."

"ఇప్పటికీ," అన్నాను, ఆయన సీటు ముందున్న కాళ్ల బల్ల మీద కూర్చుంటూ. "అక్కని చివరిసారి చూసింది మీరేనట. ఎలా ఉంది మనిషి?"

"నీరసంగా ఉంది. పాపం, జుట్టు రేగిపోయి ఉంది. నలుగురూ దిగుతున్నారు, ఆవిడ చివర దిగింది. నీళ్లు తాగి, తల పట్టుకుని మళ్లీ పైకెళ్లిపోయింది. నేను వెనక టాయిలెట్ దగ్గర నిలబడి ఉన్నాను."

"ఎన్ని గంటలప్పుడు?"

"ఎగిరిన ఎనిమిదో గంట."

"ఒక గంట అటూ ఇటూ అయ్యుండొచ్చా?"

ఆయనకి కోపం వచ్చింది. అదే నాకు కావలసింది. "మేడమ్, టైమ్ చూడటమే నా ఉద్యోగం. ఆరేళ్లుగా నెలకి రెండుసార్లు ఈ దారిలో వస్తున్నాను. బ్యాచ్ మారేది ఎనిమిదో గంటకే. వాచీ కూడా చూసుకున్నాను."

"మరి అంతకుముందు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఈ సీట్లో. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా కదల్లేదు. పక్క సీటాయన్ని అడగండి, నేను రాసుకుంటుంటే లైటు ఆపమని రెండుసార్లు విసుక్కున్నాడు."

"అడిగాం," అన్నాడు మా మరిది. "నిజమే వదినా, ఆయన వాంగ్మూలంలో ఉంది."

"ఏడో గంటకి మీరు ఇక్కడే ఉన్నారు. వెనక్కి వెళ్లనే లేదు. అంతేగా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? అంతే."

నేను ఆయన ఎదురుగా ఉన్న చిన్న తెరని వేలితో తట్టాను. విమానం ఎక్కడి దాకా వచ్చిందో చూపించే పటం వెలిగింది. రెండు విమానాశ్రయాల మధ్య తాడు బిగించి కట్టినట్టు ఒక గీత, చివర బొమ్మ విమానం. కింద అంకెలు. ఎగిరిన దూరం పన్నెండు వేల ఆరువందల కిలోమీటర్లు. పట్టిన సమయం పద్నాలుగు గంటలు. మిగిలిన దూరం సున్నా.

"ఆరేళ్లుగా మీరు వస్తున్న దారి ఇదేనా? సరిగ్గా చూసి చెప్పండి."

ఆయన చూశాడు. చూసిన కొద్దీ మెడ మీది హెడ్‌ఫోన్లు బరువెక్కినట్టు తల కిందికి దిగింది.

"ఇన్నాళ్లూ మధ్యలో ఒక దేశం తన ఆకాశం మూసేసుకుంది," అని మా మరిదికి చెప్పాను. "విమానాలన్నీ చుట్టూ తిరిగి వచ్చేవి. ఇంచుమించు రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ, పదహారు గంటల ప్రయాణం. పదహారులో భోజనాలకి నాలుగు పోతే పన్నెండు. చెరి ఆరు. రెండూ ఆరూ ఎనిమిది, బ్యాచ్ మారేది ఎనిమిదో గంటకి. ఈయన లెక్క తప్పేం కాదు, నిన్నటిదాకా. ఈసారి మేం ఎగిరాక ఆ ఆకాశం తెరిచారు. భోజనాలు పెడుతుండగా కెప్టెన్ మైకులో చెప్పాడు, నేరుగా వెళ్తున్నాం, రెండు గంటలు ముందే దిగుతాం అని. నా పక్కన కూర్చున్న ముసలాయన ఆ సంబరంలో ఇంకో కాఫీ పుచ్చుకున్నాడు. అక్క అక్కడికక్కడే లెక్క మార్చి చెరి ఐదు గంటలంది. కాయితమేం లేదు, నోటిమాట. బ్యాచ్ ఏడో గంటకే మారిపోయింది. విమానాల్లో బతికేవాళ్లెవరూ మైకులో చెప్పేది వినరు, ఈయన చెవులకైతే దిబ్బడ కూడా ఉంది."

మా మరిది మెల్లగా నోరు తెరిచాడు. "అంటే ఎనిమిదో గంటకి..."

"రెండో బ్యాచ్ పడుకుని గంటయింది. మెట్ల మీద నలుగురు దిగడం కాదు, పిల్లి కూడా దిగలేదు. ఈయన ఏమీ చూడలేదు. అలవాటైన టైముని అప్పజెప్పాడు."

"నేను... గంట పొరబడ్డానేమో," అన్నాడు గ్రహణం.

"ఏడో గంటకి చూశారా?"

"అవును. ఏడో గంటకే అయ్యుంటుంది."

"ఏడో గంటకి మీరు ఈ సీట్లోంచి కదల్లేదు. పక్కాయన సాక్షి. మీరే చెప్పారు, ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నారు కూడా."

ఆయన తన మాటతో తనే తలుపు వేసుకున్నాడు, గడియ కూడా తనే పెట్టుకున్నాడు. శవం బయటపడ్డ క్షణంలో, ఇంకా నాలుగు గంటల ప్రయాణం ఉందనుకుంటూ కెప్టెన్‌కి ఆ కథ చెప్పేశాడు. దిగాక, ముందే దిగామని తెలిసినా, చెప్పిన మాట వెనక్కి తీసుకోలేకపోయాడు.

"చేతులు ముందుకి పెట్టండి," అన్నాడు మా మరిది. బేడీలు పడ్డ చప్పుడు ఆ ఖాళీ విమానంలో ముందు గది నుంచి చివరి వరస దాకా వినిపించి ఉంటుంది. వెనక నుంచి చిన్నది పరుగున వచ్చి ముందు తరగతి పరదా పక్కన నిలబడిపోయింది.

"పప్పులో కాలేశాను వదినా," అన్నాడు అతను, నా మొహం చూడకుండా.

"పరవాలేదు, కడుక్కో. ఆ పిల్ల ఫోన్ ఆ పిల్లకిచ్చెయ్యి."

"ఇస్తాను, బండి రానీండి. రూల్ రూలే."

రూల్ రూలే అనే మనిషితో వాదించే ఓపిక నాకు లేదు. పైగా ఇంకేదో నన్ను గుచ్చుతోంది. కేసు తేలినప్పుడు నాకు ఆకలేస్తుంది. ఇప్పుడు వెయ్యలేదు.

"చిన్నదానా, పై గది తలుపు నంబరు ఎవరెవరికి తెలుసు?"

"మా ఎనిమిది మందికీ. ప్రతి ప్రయాణానికీ మారుస్తారు మేడమ్. కెప్టెన్ పెట్టి అక్కకి చెప్తారు, అక్క మాకు చెప్తుంది."

"ఈయనకి?"

"చెకింగ్‌వాళ్లకి చెప్పకూడదు."

నేను గ్రహణం వైపు తిరిగాను. "అయితే మీకు నంబరు చెప్పిందెవరు?"

ఆయన కళ్లు ఒక్కసారి నా భుజం మీదుగా ముందుకి, కాక్‌పిట్ వైపుకి పోయి, గబుక్కున కిందికి దిగాయి.

"నీకు ఎనిమిదో గంట అన్న మాట మొదట ఎవరు చెప్పారు?" అని మరిదిని అడిగాను. "ఈయనేనా?"

"కాదు, కెప్టెన్. నేను ఎక్కగానే ఎదురొచ్చి ఆయనే చెప్పాడు. ఎనిమిదో గంటలో, బ్యాచ్ మారినప్పుడు ఆవిడ బతికే ఉంది, మా ఆఫీసర్ చూశారు అని. చాలా నిదానంగా, నిమ్మకు నీరెత్తినట్టు..." అని ఆగిపోయాడు.

"మైకులో పద్నాలుగు గంటలని చెప్పిన మనిషి," అన్నాను. "దారి మార్చిన మనిషి. ఈ విమానంలో ఆ అబద్ధం వినగానే పట్టుకోవలసిన మొట్టమొదటి మనిషి ఆయనే. పట్టుకోలేదు. పైగా నీ చెవిన వేశాడు."

"సరుకు..." అన్నాడు మా మరిది.

"అందరి బ్యాగులూ వెతికావు. ఆయన కూర్చున్న గది వెతికావా?"

వెతకలేదు. ఏసీ ఆగిపోతుందని ఆయన్ని కదపనే లేదు.

గ్రహణం బేడీల చేతులతో మొహం కప్పుకున్నాడు. "నన్ను ఒక్కణ్ణే ఇరికించి తను దిగిపోదామనుకున్నాడు. నేనొక్కణ్ణే చెయ్యలేదు. అక్క పెట్టె సంగతి చెప్పుకుంది ఆయనకే, నంబరు ఇచ్చింది ఆయన, సరుకు ఆయనది."

అప్పుడు ఏసీ చప్పుడు కింద ఇంకో చప్పుడు మొదలైంది. ముందు అరికాళ్లకి తెలిసింది, తర్వాత చెవులకి. సీటు చేతి మీద ఎవరో వదిలేసిన గ్లాసులో నీళ్లు వణికాయి. చిన్నది తల ఎత్తింది. దాని మొహంలో ఏడుపు పోయి, పనిలో ఉన్న మనిషి మొహం వచ్చింది.

"ఇంజిన్," అంది. "కుడిది."

మా మరిది కాక్‌పిట్ తలుపు మీదికి ఉరికాడు. గుద్దాడు, తన్నాడు. తుపాకీ మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఆ తలుపు అలాంటివాళ్లని ఆపడానికే చేశారు.

"చక్రాలకి అడ్డుదిమ్మలు?" అని అరిచాను.

"నేనే... నేనే వద్దన్నాను."

"నిచ్చెన?"

అతను అప్పటికే వైర్‌లెస్‌లో కేకలు వేస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే అతని మనుషులు దూరంగా, అతను నిలబడమన్న చోటే, బుద్ధిగా నిలబడి ఉన్నారు. రెండో ఇంజిన్ కూడా అందుకుంది.

"ఎంత దూరం పోతాడు?" అన్నాడు మా మరిది. "పద్నాలుగు గంటలు ఎగిరి వచ్చిన విమానం. ఇంధనం ఉండాలిగా!"

"పదహారు గంటలకి పోశారు సార్," అంది చిన్నది. "ఆకాశం తెరిచారని తెలిసింది ఎగిరాక. రెండు గంటలది అలాగే మిగిలిపోయింది."

రెండు గంటలు. నా పక్క సీటు ముసలాయన కాఫీతో పండగ చేసుకున్న రెండు గంటలు. అక్కని బతికించలేకపోయిన ఆ రెండు గంటలే ఇప్పుడు ఆమెని చంపించినవాడి చేతిలో ఉన్నాయి.

"తలుపు తీసేద్దామా?" అన్నాను.

"కదులుతున్నప్పుడు తీస్తే ప్రమాదంలో దిగే జారుడుబల్ల విచ్చుకుని ఇంజిన్‌లోకి పోతుంది మేడమ్. మనమూ పోతాం. కూర్చుని బెల్టు పెట్టుకోండి." చిన్నది నా భుజం పట్టి కూర్చోబెట్టింది. బెల్టు కూడా తనే బిగించింది.

గడ్డి వెనక్కి జరగడం మొదలైంది. తెర మీద బొమ్మ విమానం కూడా మెల్లగా ముక్కు తిప్పింది. పైకప్పులో మైకు గరగరలాడి, అదే నిదానమైన గొంతు వచ్చింది.

"సిబ్బంది సీట్లలో కూర్చోండి. కాసేపట్లో ఎగురుతున్నాం."

ఈసారి గ్రహణం ప్రతి మాటా విన్నాడు.

మా మరిది జేబులో ఫోన్ మళ్లీ మోగింది. అతను తీసి, తెర చూసి, చిన్నదాని చేతిలో పెట్టాడు. రూల్ అనలేదు. అది రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా," అంది. గొంతు మామూలుగానే ఉంచడానికి అది పడుతున్న అవస్థ నాకు తెలుస్తోంది. "ఆఁ, బాగానే ఉన్నాను. ఏం కాలేదు. నేనేం చెయ్యలేదని తేలిపోయింది. నువ్వు ఇంటికెళ్లిపో, బయట గేటు దగ్గర నిలబడకు. ఫోన్ ఆపెయ్యాలమ్మా, ఎగురుతున్నాం."

ఇంజిన్ల హోరులో కూడా ఆ తల్లి గొంతు నా దాకా వినిపించింది.

"ఇప్పుడేగా దిగావు, మళ్లీ ఎక్కడికే?"

చిన్నది నా వైపు చూసింది. వీపు సీటుకి అతుక్కుపోయేంత వేగం వచ్చేసింది. నేను ఎదుటి తెర వైపు చూశాను, మిగిలిన దూరం ఇంకా సున్నా అనే ఉంది.